కబ్ద్ ఎడారిలో పలికినవాడు

కువైట్ వెళ్ళొచ్చానని తెలియగానే స్టాఫ్ రూంలో అందరూ బంగారం ఎంత తెచ్చావని అడిగారు. ఒక ఖర్జూరం డబ్బా, చెల్లెలు బలవంతాన పెట్టిన కుంకుమపువ్వు తెచ్చాను. ఇంకొకటి కూడా తెచ్చాను గానీ అది సూట్‌కేసులో పట్టేది కాదు. అది చెబితే నవ్వుతారని అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి, మొదట్లో నేనూ నవ్వినదాన్నే.

భద్రాచలం దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో నాది పత్రిక పని. పిల్లల రాతలు, బొమ్మలు పోగుచేసి నెలకో పుస్తకం వేస్తాను, తల్లిదండ్రులకు కబుర్లు పంపుతాను. మా బడిలాంటి ఆదివాసీ బడుల్లో ఇదే పని చేసేవాళ్ళం ఐదారు దేశాల నుంచి నెలకోసారి ఆన్‌లైన్‌లో కలుసుకుంటాం. అక్కడే మార్లీన్ పరిచయమైంది. ఆమె అమెరికాలో మిన్నెసోటా సరస్సుల వైపు ఓజిబ్వే ఆదివాసీ. వాళ్ళ సొంత బడిలో సమాచార విభాగమంతా ఆమే. ఫోటోలు తీయడం, పత్రిక వేయడం, మంచు పడితే బస్సులు రావని పొద్దున్నే ఇంటింటికీ ఫోన్లో చెప్పడం అన్నీ ఆమె పనులే. రెండేళ్ళ పరిచయం తర్వాత ఒకరోజు, "మీ చెల్లెలు కువైట్లో ఉంటుందన్నావు కదా, నాతో అక్కడికి వస్తావా? ఒక్కదాన్నే వెళ్ళలేను," అంది.

ఎందుకని అడిగాను. తమ్ముడి కోసమంది.

అబూ హలీఫా: నల్లబియ్యం అన్నం

బుధవారం మధ్యాహ్నం ఇద్దరం గంట తేడాతో దిగాం. చెల్లెలు సరళ వాళ్ళది అబూ హలీఫాలో ఆరో అంతస్తు ఫ్లాటు, కిటికీ తీస్తే సముద్రం. లిఫ్టులో మలయాళం, మెట్ల మీద తమిళం, పక్క ఫ్లాటులో నుంచి మన పోపు వాసన. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నా సరళ విజయవాడ యాస పోలేదు, మధ్యలో అరబ్బీ ఖలాస్‌లు, యల్లాలు చేరాయంతే.

మార్లీన్‌కి యాభై ఉంటాయి. పొట్టి మనిషి, నెరిసిన జడ, నెమ్మదైన గొంతు. సంచిలో నుంచి గుడ్డమూట తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. అందులో వాళ్ళ సరస్సుల్లో దానంతటదే పండే బియ్యం, సూదుల్లా సన్నగా, పొడుగ్గా, నల్లగా ఉంది.

సరళ నా చెవి దగ్గరకొచ్చి, "అక్కా, ఇది మాడిపోయిందే. ఏం చెయ్యమంటావు?" అంది.

"మాడలేదు, దాని రంగే అంత. నోరు మూసుకుని ఎసరు పెట్టు."

ఉడికాక పొగ వాసనేసే మంచి అన్నమైంది. సరళ గోంగూర పచ్చడి తెచ్చింది. కారానికి మార్లీన్ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా రెండోసారి వేయించుకుంది. తినేముందు మాత్రం ఒక పళ్ళెంలో అన్నిటినీ కొంచెం కొంచెం పెట్టి పక్కన ఉంచింది. మనం పితృదేవతలకు పెట్టినట్టే పెట్టావని అన్నాను.

"పోయినవాళ్ళకు పెడతాం. కానీ ఇవాళ బతికున్నవాడికి పెట్టాను," అంది మార్లీన్. అప్పుడే తమ్ముడి సంగతి చెప్పింది.

వెస్లీ సైన్యంలో పనిచేశాడు. చాలా ఏళ్ళ కిందట కొన్ని నెలలు కువైట్ ఎడారిలో గుడారాల్లో ఉన్నాడు. యుద్ధంలో గాయపడలేదు, ఎవరినీ చంపలేదు. తిరిగొచ్చాక తింటాడు, పని చేస్తాడు, అడిగితే రెండు ముక్కలు మాట్లాడతాడు. కానీ పేరు పెట్టి పిలిస్తే పలకడు. వినపడక కాదు, ఎదురుగా నిలబడి పిలిచినా మొహంలో కదలిక ఉండదు, భుజం తడితేనే తిరుగుతాడు. ఇంట్లో పడుకోకుండా వెనక కట్టెల కొట్టంలో పడుకుంటాడు. డాక్టర్లు వాళ్ళకు తోచిన పేర్లు పెట్టారు, మందులిచ్చారు, ఆ ఒక్కటీ మారలేదు.

"ఒక్కసారే చెప్పాడు," అంది. "ఒక సాయంత్రం నీళ్ళ తొట్టి దగ్గర కాపలా ఉంటే మా అవ్వ గొంతు వాడి ఓజిబ్వే పేరు పెట్టి పిలిచిందట. సైన్యంలో ఆ పేరు ఎవరికీ తెలియదు. వాడు పలికాడట. ఇంటికొచ్చాక అవ్వని అడిగితే, నేను పిలవలేదంది."

సరళ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఎన్నిసార్లు పిలిచిందట?" అన్నాను.

"ఒక్కసారే."

సరళా నేనూ మొహాలు చూసుకున్నాం. మా చిన్నప్పుడు వాకిట్లో నుంచి ఎవరైనా పిలిస్తే మా అమ్మ మమ్మల్ని ఆపేసేది. మూడుసార్లు పిలిస్తేనే పలకాలి, ఒక్కసారి పిలిచి ఊరుకునేది మనిషి కాదనేది. ఆ మాట మార్లీన్‌కి చెప్పాను.

"చనిపోయే ముందు అవ్వ కూడా అదే చెప్పింది," అంది. "వాడు ఒక్క పిలుపుకే పలికాడు, పలికినవాడు అక్కడే ఉండిపోయాడు, రక్తసంబంధం ఉన్నవాళ్ళెవరైనా వెళ్ళి నాలుగుసార్లు పిలవాలంది. ఇన్నేళ్ళూ నేను వెళ్ళలేదు. నాకు నమ్మకం లేక."

ఇప్పుడెందుకు వచ్చిందంటే, వెస్లీ కూతురి వల్ల. తొమ్మిదేళ్ళ పిల్ల, మార్లీన్ బడిలోనే చదువుతుంది. 'మా నాన్న' గురించి రాయమంటే, "మా నాన్న నన్ను ఎత్తుకుంటాడు, నాకు చేపలు కాలుస్తాడు, నేను పిలిస్తే మాత్రం పలకడు, నేను పిలవడం మానేశాను," అని రాసిందట. ఆ కాగితం బడి పత్రిక కోసం మార్లీన్ బల్ల మీదకే వచ్చింది.

"అచ్చు వేయలేకపోయాను," అంది. "టికెట్ కొన్నాను."

అహ్మది: ఫోటోలో తొట్టి

మర్నాడు సరళ భర్త, మా మరిది పనిచేసే అహ్మది వెళ్ళాం. ఇది చమురు కంపెనీ ఊరు. వీధులకు రెండువైపులా చెట్లు, ఒకేలాంటి ఇళ్ళు, షిఫ్టు దిగినవాళ్ళను మోసే కంపెనీ బస్సులు. ఎడారి మధ్య ఇంత పచ్చదనం చూసి ముచ్చటపడ్డాను గానీ, మధ్యాహ్నం పూట ఒక్క మనిషీ కనిపించని ఆ వీధుల్లో నడుస్తుంటే ఏదో బెరుకు. పచ్చిక మీద నీళ్ళ గొట్టాలు వాటంతటవే తిరుగుతున్నాయి.

మార్లీన్ దగ్గర ఒక్క ఫోటో ఉంది. సైనిక దుస్తుల్లో వెస్లీ, వెనక నీలం చార ఉన్న సిమెంటు తొట్టి, ఒక పక్క విరిగిన గోడ. ఇంత దేశంలో ఆ తొట్టిని ఎక్కడని వెతుకుతామని మా మరిది తల పట్టుకున్నాడు. మార్లీన్ దాన్ని టీ కొట్టు బల్ల మీద పెట్టుకుని చూస్తోంది. పాలు బాగా మరిగించిన కరక్ చాయ్, కప్పు నూట యాభై ఫిల్సులు. మన నలభై రూపాయలని లెక్కేసుకుని, ఇక లెక్క వేయకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

టీలు తెచ్చిచ్చింది సూరిబాబు. స్టాఫ్ బస్సు డ్రైవరు, సెలవు రోజుల్లో సరళ వాళ్ళ కారు నడుపుతాడు. నలభై దాటిన మనిషి, అమలాపురం పక్కన. ఫోటో వైపు ఒకసారి చూసి కప్పు కింద పెట్టాడు.

"ఇది కబ్ద్ అవతలండి, మేడంగారూ. నేను వచ్చిన కొత్తలో నీళ్ళ ట్యాంకరు తోలేవోణ్ణండి. ఈ తొట్టి నేను నింపేనండి."

"ఖాయంగా అదేనా?"

"ఆయ్. ఆ గోడకి కన్నం ఉందా లేదా సూడండి. దాంట్లోంచి గాలి కూత్తాదండి."

ఫోటోలో గోడకు నిజంగానే కన్నం ఉంది. మార్లీన్‌కి ఇంగ్లీషులో చెబితే సూరిబాబుకు రెండు చేతులా నమస్కారం పెట్టింది. అతను సిగ్గుపడి, రేపు శుక్రవారం ఖాళీనే అన్నాడు.

కబ్ద్: గొర్రెల కాపరి మాట

శుక్రవారం భోజనాలయ్యాక బయల్దేరాం. ఫిబ్రవరి చివర, చలి పోతూ పోతూ ఉన్న రోజులు. దారి పొడుగునా ఇసుకలో కువైటీ కుటుంబాల గుడారాలు. మనం కార్తీకంలో తోటలకు పోయినట్టు వీళ్ళు ఈ కాలంలో ఎడారికి పోతారు. పిల్లలు నాలుగు చక్రాల బండ్ల మీద దుమ్ము రేపుతున్నారు. కబ్ద్ దాటి పొలాలు, పశువుల కొట్టాలు అయిపోయేసరికి ఆ సందడంతా ఆగిపోయింది. ఆకాశం పసుపు రంగుకు తిరిగింది. గాలి దుమారం రావచ్చని, ఒక గంటలో తిరిగి రావాలని సూరిబాబు అన్నాడు.

తొట్టికి కాస్త ఇవతల ఒక రేకుల షెడ్డు, గొర్రెల మంద ఉన్నాయి. తలకు గుడ్డ చుట్టుకున్న ముసలాయన బయటికొచ్చాడు. నా చీర చూసి తెలుగులోనే పలకరించాడు.

"యా ఊరు మ్మా మీది? ఈ పక్కకు ఎవురూ రారే."

పేరు రెడ్డయ్య, రాయచోటి దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే గొర్రెలు కాస్తున్నాడు. పనిచ్చిన యజమాని, కఫీల్, మంచోడని, వారానికోసారి ఖుబూస్ రొట్టెలు, కూరగాయలు పంపిస్తాడని చెప్పాడు. మాకు నల్ల టీ పెట్టాడు. మేం తొట్టి దగ్గరికి వెళ్ళాలనగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎందుకు మ్మా ఆడికి?"

"ఈవిడ తమ్ముడు ఒకప్పుడు అక్కడ కాపలా ఉన్నాడు. చూసి పోదామని."

రెడ్డయ్య మార్లీన్ మొహం పట్టి పట్టి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆడ ఒగడుండాడు మ్మా. నేను వచ్చినప్పట్నించీ ఉండాడు. ఎవుర్నీ ఏమనడు, కనపడడు. నేను గొర్రెను పిలిచ్చే, వాడు పలుకుతాడు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. గోడకు తగిలి నీ గొంతే తిరిగొస్తుంది పెద్దాయనా అన్నాను. ఆయన వాదించలేదు. మందకు ముందు నడిచే గొర్రె పేరు బుడ్డి. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "బుడ్డీ, దా," అని అరిచాడు.

గాలి ఆగి ఉంది. తొట్టి వైపు నుంచి, "ఆఁ," అని వినపడింది.

బుడ్డీ అని కాదు, దా అని కాదు. ఇంట్లో పక్క గదిలో నుంచి ఎవరో పలికినట్టు, మామూలుగా, కొంచెం అలసటగా, ఒక మగ గొంతు. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. సూరిబాబు మెడలో తాయెత్తు పట్టుకున్నాడు. మార్లీన్‌కి తెలుగు రాదు, రెడ్డయ్య ఏం చెప్పాడో నేనింకా ఆమెకు చెప్పనే లేదు. ఆమె అప్పటికే లేచి నిలబడింది.

"అది వెస్లీ," అంది.

తొట్టి దగ్గర

తొట్టి ఎండిపోయి ఉంది. నీలం చార వెలిసింది. గోడ కన్నంలో నుంచి గాలి అప్పుడప్పుడూ సన్నగా కూస్తోంది. సూర్యుడు తెల్లటి పళ్ళెంలా ఉన్నాడు, కళ్ళు చికిలించకుండా చూడగలిగేంత మసకగా. మా నీడలు లేవు.

మార్లీన్ తెచ్చిన పళ్ళెం తొట్టి గట్టు మీద పెట్టింది. నల్లబియ్యం అన్నం, సరళ తప్పక పెట్టమన్న గోంగూర. జేబులో నుంచి చిటికెడు పొగాకు తీసి నేల మీద ఉంచింది. మావైపు పొగాకు అంటే ఆకు ఆరబెట్టే బేరన్లు, బేళ్ళు, వ్యాపారం. వాళ్ళకది ఏదైనా అడిగేముందు ఇచ్చుకునే గౌరవం. తర్వాత ఫోన్ తీసింది.

నేను ఆశ్చర్యపోయాను. పవిత్రమైన పనులు జరిగేచోట కెమెరా సంచిలో పెట్టేయడమే తన ఉద్యోగంలో మొదటి నియమమని నాకు ఎన్నోసార్లు చెప్పిన మనిషి.

"ఇది పూజ కాదు, కబురు," అంది. "ఈ పిలుపు ఇంటి దగ్గరున్నవాడు కూడా వినాలి. రికార్డు చేసి తీసుకెళ్ళి వాడి పక్కన కూర్చుని వినిపిస్తాను."

అప్పుడు పిలిచింది. ఆ పేరు ఇక్కడ రాయను, రాయొద్దని ఆమె అడిగింది. పొడుగాటి పేరు, చివర గొంతులోకి వాలిపోతుంది. పేరు తర్వాత, ఇంటికి రా, అని వాళ్ళ భాషలో. మొదటి పిలుపుకి గాలి ఆగింది. రెండో పిలుపుకి రెడ్డయ్య గొర్రెలన్నీ తలలెత్తాయి. మూడోసారి ఆమె గొంతు వణికింది. నాలుగోసారి పిలిచి, తెలియకుండానే ఫోన్ మీద వేలు రెండుసార్లు నొక్కి జేబులో వేసుకుంది.

ఎదురుచూశాం. ఏమీ పలకలేదు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. దుమ్ము గోడలా లేస్తోంది. గొర్రెను పిలిస్తే పలికినవాడు సొంత అక్క పిలిస్తే పలకలేదు. మార్లీన్ తొట్టి పక్కన కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్ళు ఆలస్యం చేశాను, వాడికి కోపం వచ్చింది అంటూ ఏడ్చింది. పక్కన కూర్చుని వీపు నిమిరాను.

రెడ్డయ్య ఏమనుకున్నాడో, మంద వైపు తిరిగి, "బుడ్డీ, దా," అని మళ్ళీ అరిచాడు. గొర్రె గంట తప్ప ఏమీ వినపడలేదు. ఇంకోసారి అరిచాడు. ఏమీ లేదు. ముసలాయన చేతులు దించేశాడు.

"పొయినాడు మ్మా," అన్నాడు. "పద్దెనిమిదేండ్లు. మనిషి మాదిరి తోడుగా ఉండె." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో సంతోషం లేదు. రేపట్నుంచి ఆయన పిలిస్తే పలికేవాళ్ళెవరూ ఉండరని నాకప్పుడు తట్టింది.

తిరుగు దారి

కారులో ముందు సీట్లో నేను, సూరిబాబు వెనక మార్లీన్ కూర్చున్నాం. నా వెనక సీటు ఖాళీ. బండి కదలగానే టింగ్ టింగ్‌మని మోగడం మొదలైంది. కొత్త కారు, సీటులో మనిషి ఉండి బెల్టు పెట్టుకోకపోతే మోగుతుంది. మేం ముగ్గురం పెట్టుకునే ఉన్నాం.

సూరిబాబు ఆపి, దిగి, వెనక తలుపు తీశాడు. "సామానేం లేదండి ఎనకాల," అన్నాడు. సీటు దులిపాడు, మళ్ళీ కదిలాం. మళ్ళీ మోగింది. ముందు అద్దంలో ఖాళీ సీటు వైపు ఒకసారి చూసి, బండి ఆపి దిగి, ఆ బెల్టు లాగి ఖాళీ సీటుకు అడ్డంగా పెట్టాడు. మోత ఆగిపోయింది. నా మెడ వెనక చల్లగా తగిలితే ఏసీ అని సర్దిచెప్పుకున్నాను.

కబ్ద్ పొలాల దగ్గరికి వచ్చేసరికి మార్లీన్ ఫోన్ అదేపనిగా వణకడం మొదలుపెట్టింది. తెరిచి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జరిగింది ఇది. ఆమె రికార్డు చేసింది బడి ఫోన్ల యాప్‌లో. రోజూ పొద్దున్న ఏడున్నరకు అందులోనే మాట్లాడి, రెండుసార్లు నొక్కి, ఇళ్ళన్నిటికీ పంపుతుంది. మాకు సాయంత్రం నాలుగున్నర అంటే అక్కడ సరిగ్గా పొద్దున్న ఏడున్నర. ఏళ్ళ తరబడి అలవాటైన వేలు దాని పని అది చేసింది. ఆ బడి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఫోన్ మోగి, ఇంటికి రా, అని ఒక మనిషిని నాలుగుసార్లు పిలిచింది.

నా పని కూడా అదే కదా. ఇలాంటిది నా చేతిలో జరిగితే ఉద్యోగం ఊడినట్టే. ప్రిన్సిపాల్ నుంచి ఒక్కటే సందేశం ఉంది: "విన్నాం. బస్సులు పది నిమిషాలు ఆపాను. పెద్దవాళ్ళు బయటికొచ్చి పొగాకు వేస్తున్నారు."

తర్వాత మేనకోడలి ఫోన్. మార్లీన్ స్పీకర్ పెట్టింది. ఆ పిల్ల గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అత్తా, నువ్వెక్కడున్నావు? నాన్న కొట్టం దగ్గర కట్టెలు కొడుతుంటే ఫోన్ వినిపించాను. నువ్వు పిలిచావు. నాన్న పలికాడు. నాలుగుసార్లూ పలికాడు. నేను కూడా పిలిచి చూశాను."

"ఏమన్నాడు?"

"నాకూ పలికాడు."

మార్లీన్ ఫోన్ గుండెకు ఆనించుకుంది. నేను ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. సూరిబాబుకు తెలుగులో చెప్పాను. అతను అద్దంలో ఆ సీటు వైపు చూసి, బండి వేగం తగ్గించి, గుంతలు తప్పిస్తూ నడపడం మొదలుపెట్టాడు.

విమానాశ్రయం

శనివారం మార్లీన్ ప్రయాణం. రాత్రంతా కారు కింద పార్కింగులోనే ఉంది, ఆ బెల్టు ఎవరూ తీయలేదు. సరళ నల్లబియ్యం మిగిలినదంతా వండి రెండు పొట్లాలు కట్టింది. రెండెందుకని నేను అడగలేదు.

బయల్దేరేవాళ్ళ గేటు ముందు కారు ఆగాక మార్లీన్ దిగింది, సూట్‌కేసు దించాం. సూరిబాబు అవతల పక్కకు వెళ్ళి నా వెనక తలుపు తీశాడు. వంగి బెల్టు విప్పి పక్కకు జరిగి నిలబడ్డాడు.

"దిగండి బాబూ," అన్నాడు. "అక్కగారి కూడా ఉండండి. దారిలో ఎవరు పిలిచినా పలక్కండి."

మార్లీన్‌కి అతనన్నది నేను చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఒక చెయ్యి కొంచెం వెనక్కి చాపి, పిల్లాణ్ణి నడిపించుకుపోయినట్టు గాజు తలుపుల్లోకి వెళ్ళిపోయింది. తిరిగి అబూ హలీఫా చేరేదాకా బెల్టు పెట్టకపోయినా కారు ఒక్కసారి కూడా మోగలేదు.

నేను భద్రాచలం వచ్చిన రెండో రోజు ఆమె రాసింది. ఏళ్ళుగా ఊరు దాటని వెస్లీ, మంచులో మూడు గంటలు కారు నడుపుకుంటూ, కూతుర్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని విమానాశ్రయానికి వచ్చాడట. అక్కను చూసి కౌగిలించుకున్నాడు, సామాను డిక్కీలో పెట్టాడు. ఆమెను వెనక సీట్లో ఒక పక్క ఎక్కించాడు. తర్వాత అవతలికి వెళ్ళి, రెండో పక్క తలుపు కూడా తీసి, ఎవరో ఎక్కేంతసేపు పట్టుకుని నిలబడి, లోపలికి వంగి బెల్టు పెట్టాడట.

"పద్మా, నేనింకా వాడికి కువైట్లో కారు సంగతి చెప్పలేదు," అని రాసింది.